నీళ్ళ సీసాలు డిక్కీలో పెట్టిన టూర్

2023 చలికాలం. తెనాలి స్టేషన్ రోడ్డులో మా ట్రావెల్స్ ఆఫీసు. ఆఫీసంటే ఒక గది, ఒక టేబులు, గోడకు రోడ్డు మ్యాపు, బయట ఎండలో నిలబడి ఉండే మా సొంత బస్సు. బడి పిల్లల టూర్లకు చలికాలమే సీజను. ఆ రోజుల్లో నాకు తిండీ నిద్రా సరిగ్గా ఉండవు, ఓపిక అసలే ఉండదు. మిగతా రోజుల్లో మాత్రం ఎక్కడుందని మా ఇంట్లోవాళ్ళు అంటారు. అననివ్వండి.

మా పనిలో అన్నిటికంటే ముందు తయారయ్యేది ఐటినరరీ. ఏ పూట ఎక్కడ ఉండాలి, ఏం చూడాలి, ఎక్కడ తినాలి అనే పట్టిక అది. రేపల్లెలోని ఒక ప్రైవేటు బడి హెడ్‌మిస్ట్రెస్ గారు ఆ పట్టిక తానే రాసుకుని మరీ మా ఆఫీసుకు వచ్చారు. ఏడో తరగతి ఆడపిల్లలకు రెండు రోజుల హైదరాబాదు టూర్. చార్మినార్, గోల్కొండ, మ్యూజియం, జూ, బిర్లా మందిర్, హుస్సేన్ సాగర్, ఇంకా ఏవేవో. చివర్లో ఒక పట్టుచీరల షాపు కూడా ఉంది. పన్నెండేళ్ళ పిల్లలకు పట్టుచీరలెందుకో నేను అడగలేదు. అడగాల్సింది ఇంకొకటి ఉంది.

"దారిలో హాల్టులు ఎక్కడ వేయమంటారండి?" అన్నాను. బస్సు ఆగి మనుషులు దిగే చోటును మేం హాల్టు అంటాం.

"టిఫిన్‌కి ఒకటి చాలండి. మా పిల్లలు చాలా డిసిప్లిన్. మధ్యలో ఆపమని ఒక్కరు కూడా అడగరు."

"రేపల్లె నుంచి హైదరాబాదుకి సగం రోజు ప్రయాణం. అడక్కుండా ఎలా ఉంటారండి?"

"ముందు రోజే చెప్పేస్తాం కదండి, నీళ్ళు తాగొద్దని," అన్నారావిడ నవ్వుతూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ చెడ్డ మనిషైతే బాగుండేది, నాలుగు మాటలు అనేసి పంపేదాన్ని. కానీ ఆవిడ ఏదో చక్కటి చిట్కా చెబుతున్నంత సంబరంగా చెప్పారు.

మా వృత్తిలో హాల్టులు ఎలా పుడతాయో బయటివాళ్ళకు తెలియదు. డ్రైవరుకు ఊరికే భోజనం పెట్టే దాబా దగ్గర బస్సు ఆగుతుంది. అక్కడ ఆడవాళ్ళ బాత్రూముకు తలుపుందా, తలుపుకు గడియుందా, నీళ్ళొస్తాయా అన్నది ఎవరికీ పట్టదు. మగవాళ్ళకు మధ్యలో అవసరమైతే రోడ్డు పక్కన ఏ తుమ్మచెట్టయినా చాలు. ఆడవాళ్ళు మాత్రం గొంతు ఎండబెట్టుకుని ఎక్కాలి. మాది బాపట్ల. అక్కడి సూర్యలంక బీచ్‌కు నేను మొదట్లో వేసిన టూర్లలోనే చూశాను. మగవాళ్ళు అలల్లో మునిగి తేలుతుంటే ఆడవాళ్ళు ఇసకలో కూర్చుని "మేం స్నానం చెయ్యంలే" అనేవాళ్ళు. ఇష్టం లేక కాదు, తడిబట్టలు మార్చుకునే చోటు లేక. ఆగే చోటేదో ఆడవాళ్ళ అవసరం చూసి ఎంచుకుంటే పోయేదేముంది? ఎవరూ ఎంచుకోరు. ఆడవాళ్ళే సర్దుకుంటారు కదా.

ఆ వారంలోనే మస్తాన్ అన్న మా బస్సు సీటు కవర్లు మార్చడానికి వచ్చాడు. రేపల్లెలో అతనిది సీటు కవర్లు కుట్టే షాపు. అతని కూతురు రిజ్వానా అదే బడిలో ఏడో తరగతి అని నాకు తెలుసు.

"అమ్మాయి హైదరాబాదు వస్తోందిగా అన్నా. ముందు సీటు ఇస్తాలే," అన్నాను.

అతను సూది ఆపాడు. "రాదులేమ్మా. చార్మినార్ చూపించమని చిన్నప్పటి నుంచీ నా ప్రాణం తీసేది. ఇప్పుడు పేరు ఇవ్వనంటోంది."

"ఏంటి, ఒంట్లో బాలేదా?"

తల వంచుకునే చెప్పాడు. కిందటేడు ఆ బడి వాళ్ళు వేరే ట్రావెల్స్‌లో విజయవాడ తీసుకెళ్ళారట. తిరిగి వచ్చేటప్పుడు ఈ పిల్ల బస్సు ఆపమని టీచరును అడిగిందట. "ఇంకాసేపట్లో వచ్చేస్తాం, ఓర్చుకో" అన్నారట. మళ్ళీ అడిగిందట. మళ్ళీ ఓర్చుకోమన్నారు. ఓర్చుకోలేకపోయింది. సీటు తడిసింది, గౌను తడిసింది, బస్సంతా చూసింది. మర్నాటి నుంచి బడిలో ఆ పిల్ల పేరు 'ట్యాంకరు'.

"ఇప్పుడు బడికి కూడా పొద్దున మంచినీళ్ళు ముట్టకుండా వెళ్తోందమ్మా. వాళ్ళమ్మ గొడవపడుతోంది. దాని మొహం చూస్తే నాకు అన్నం సయించట్లేదు," అన్నాడు మస్తాన్ అన్న. నాకు ఆ క్షణాన ఆ బస్సునూ ఆ టీచరునూ కలిపి కృష్ణలో తోసెయ్యాలనిపించింది.

మర్నాడే రేపల్లె వెళ్ళాను. టూర్ వేసేముందు పిల్లలతో మాట్లాడతానని హెడ్‌మిస్ట్రెస్ గారిని అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. ఎక్కడికి వెళ్ళాలో పిల్లల్ని అడిగేదేముంది అన్నట్టు చూశారు. కానీ ఒప్పుకున్నారు.

క్లాసులో "హైదరాబాదులో ఏం చూడాలని ఉంది?" అని అడిగానో లేదో, ఇల్లు పీకి పందిరేశారు. మెట్రో రైలు ఎక్కాలంది ఒకతి. చార్మినార్ దగ్గర గాజులంది ఇంకొకతి. గోల్కొండలో చప్పట్లు కొడితే పైకి వినిపిస్తుందట, నిజమా అని మరొకతి. బిర్లా మందిర్ పేరు ఒక్కరూ ఎత్తలేదు, పట్టుచీరల సంగతి సరేసరి. చివరి బెంచీలో రిజ్వానా గోడ వైపు చూస్తూ కూర్చుంది.

"మరి బస్సు ఎక్కడెక్కడ ఆపమంటారు?" అన్నాను. గోల అంతా చప్పున ఆగిపోయింది. ఒక పిల్ల మాత్రం, "మాకు అలవాటే ఆంటీ. ఇంటికెళ్ళేదాకా వెళ్ళం," అంది.

"స్కూల్లో బాత్రూము లేదా?"

"ఉంది ఆంటీ. తాళం వేసుంటుంది."

వెళ్ళి చూశాను. ఉంది. తాళం కూడా ఉంది. నేరుగా హెడ్‌మిస్ట్రెస్ గారి గదికి వెళ్ళాను.

"పిల్లల బాత్రూముకు తాళం ఎందుకండి?"

"బయటివాళ్ళు వచ్చి పాడుచేస్తున్నారండి. తాళంచెవి స్టాఫ్ రూములో ఉంటుంది. అడిగితే ఇస్తారు."

"స్టాఫ్ రూములో కూర్చునేది ఎవరండి?"

"మా సార్లు."

"పన్నెండేళ్ళ ఆడపిల్ల సార్ల ముందు నిలబడి తాళంచెవి అడుగుతుందా అండి?"

"అడగరండి. అందుకే ఇంతవరకు ఏ సమస్యా రాలేదు," అన్నారావిడ.

అక్కడే కూర్చుని ఉన్న ఒక పిల్ల తల్లి కూడా అందుకుంది. "మా అమ్మాయి పొద్దున వెళ్తే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకేనండి. ఎంత ఓర్పో." ఆమె గొంతులో ఉన్నది గర్వం. ఫస్టు ర్యాంకు వచ్చిందని చెప్పే తల్లి గొంతు అలాగే ఉంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊది ఏం లాభమని నేను ఒకటే మాట చెప్పాను. నా బస్సు కావాలంటే హాల్టులు నేను చెప్పిన చోట, నేను చెప్పినన్ని. సీజన్లో ఇంకో బస్సు దొరకదని ఆవిడకు తెలుసు. ముఖం ముడుచుకునే సరేనన్నారు.

తిరిగి వస్తూ మస్తాన్ అన్న షాపు దగ్గర ఆగాను. బడి నుంచి వచ్చిన రిజ్వానా అక్కడే ఉంది. పక్కన కూర్చుని నా ప్లాను చెప్పాను. ఎక్కడ ఆపుతామో, అక్కడ తలుపులకు గడియలున్నాయో లేదో ముందే నేను వెళ్ళి చూసి వస్తానని చెప్పాను.

"మధ్యలో కావాలంటే ఎవరికి చెప్పాలి ఆంటీ?" అంది.

"నేరుగా డ్రైవరుకి చెప్పు. మధ్యలో ఎవరూ ఉండరు."

"సార్లు ఎందుకని అడుగుతారు."

"అడిగితే నా పేరు చెప్పు. నాతో మాట్లాడుకోమను."

"నిజంగా ఆపుతారా?" అంది. ఆ ప్రశ్నకు ఏడుపొచ్చింది నాకు. బస్సు ఆపడం కూడా ఒక పిల్ల నమ్మలేని సంగతి అయిపోయింది. ఆపుతామని మాటిచ్చాను. మర్నాడు పేరు ఇచ్చింది.

రెక్కీ అంటే టూరుకు ముందు మేమే ఆ దారంతా వెళ్ళి చూసుకోవడం. మామూలుగా హోటళ్ళూ పార్కింగూ చూస్తాం. ఈసారి బాత్రూములే చూశాను. మా డ్రైవరు కోటేశ్వరరావు బాబాయి నవ్వాడు. "ఏంటమ్మాయ్, హైదరాబాదు చూపిస్తావా, దొడ్లు చూపిస్తావా?" అన్నాడు. ఇద్దరు ఆడపిల్లల తండ్రివి, నువ్వేనా ఈ మాట అనేదని గట్టిగానే అన్నాను. ఆ తర్వాత ప్రతి పెట్రోలు బంకులోనూ నాకంటే ముందు తనే దిగి, నీళ్ళొస్తున్నాయా అని అడిగేవాడు.

టూర్ రోజు తెల్లవారుతుండగా రేపల్లెలో బయల్దేరాం. పిల్లల పాటలతో బస్సు ఊగిపోతోంది. విజయవాడ దాటాక మొదటి హాల్టులో అందరూ దిగారు. టిఫిన్ తిన్నారు. కానీ ఎవరూ నీళ్ళు తాగట్లేదు. మీ సీసాలేవని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒక పిల్ల, "బ్యాగుల్లోంచి తీసి డిక్కీలో పెట్టేశారు ఆంటీ," అంది.

వ్యాయామం సారు అక్కడే టీ తాగుతున్నాడు. "మేడమ్ గారు పెట్టమన్నారండి. హైదరాబాదులో దిగాక ఇస్తాం," అన్నాడు. అతని చేతిలో టీ గ్లాసు, పక్కన నీళ్ళ సీసా.

అప్పుడు నేనేమన్నానో అన్నీ ఇక్కడ రాయను. బాబాయితో డిక్కీ తీయించాను. రెండు గోనెసంచుల నిండా సీసాలు. వాటిలోంచి నేనే ఒక్కొక్కటీ బయటికి లాగుతుంటే హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చారు.

"మీరు బస్సు చూసుకోండి. పిల్లల సంగతి మాకు తెలుసు," అన్నారు.

"తెలిస్తే కిందటేడు సీటు ఎందుకు తడిసిందండి?" అన్నాను. పిల్లలు వింటున్నారని తెలిసే అన్నాను. "తప్పు ఆ పిల్లది కాదు. అడిగినా ఆపని పెద్దవాళ్ళది. ఆ పేరేదో పెట్టాలంటే మీకు పెట్టాలి."

సీసాలు అందరికీ అందాయి. బస్సు కదిలింది. కానీ ఒక్కరూ మూత తీయలేదు. సీసాలు ఒళ్ళో పెట్టుకుని మేడమ్ వైపు చూస్తూ కూర్చున్నారు. పాటలు కూడా ఆగిపోయాయి. నా కోపం వాళ్ళకు సీసాలు ఇప్పించగలిగింది, ధైర్యం ఇప్పించలేకపోయింది. అంతకంటే ఏం చెయ్యాలో నాకూ తోచలేదు.

ముందు సీట్లో రిజ్వానా మూత తీసింది. తలెత్తి, ఆపకుండా తాగింది. సగం సీసా అయ్యాక మూతి తుడుచుకుని మళ్ళీ తాగింది. వెనక ఎక్కడో ఒకతి కిసుక్కున నవ్వింది. ఈ పిల్ల తిరిగి చూడలేదు.

సూర్యాపేట దాటిన కాసేపటికి లేచి నిలబడింది. పక్కనుంచి వ్యాయామం సారు ఏదో అనబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ పిల్ల కడ్డీ పట్టుకుని డ్రైవరు దాకా వెళ్ళి, బస్సంతా వినపడేలా చెప్పింది.

"అంకుల్, బస్సు ఆపండి. నేను బాత్రూముకి వెళ్ళాలి."

"ఆపుతానమ్మా, అదిగో ఎదురుగా బంకుంది," అన్నాడు బాబాయి, రోజూ వినే మాటే అన్నట్టు.

బస్సు ఆగింది. రిజ్వానా దిగింది. ఆమె వెనక ఒకతి లేచింది. తర్వాత ఇంకొకతి. చూస్తుండగానే పెట్రోలు బంకు చుట్టూ బారు కట్టారు. ఇందాక నవ్విన పిల్ల కూడా అందులో ఉంది. బారు చివర, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, హెడ్‌మిస్ట్రెస్ గారు.

తిరిగి వస్తూ ఆవిడ నా పక్కన ఆగారు. "నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ప్రయాణాల్లో నీళ్ళు తాగనండి. మా అమ్మ కూడా తాగేది కాదు. అదే నేర్పాను," అన్నారు. జాలి పడాలో తిట్టాలో తెలియలేదు. "మీకు నేర్పినవాళ్ళది తప్పండి. పిల్లలకు నేర్పిన తప్పు మాత్రం మీది," అని నా సీసా ఆవిడ చేతికిచ్చాను. తాగారు.

చార్మినార్ చూశాం. గోల్కొండలో చప్పట్లు కొట్టాం, వినిపించింది. మెట్రో రైలు దిగమంటే దిగలేదు పిల్లలు. పట్టుచీరల షాపుకు టైము చాలలేదు, చాలకుండా నేనే చూశాను. రిజ్వానా వాళ్ళమ్మకు గాజులు కొంది.

ఆ బడి వాళ్ళు మరుసటేడు వేరే ట్రావెల్స్ మాట్లాడుకున్నారు. నా నోరు మంచిది కాదన్నారట. బాత్రూము తాళం కూడా తీయలేదు. కానీ మస్తాన్ అన్న చెప్పాడు, రిజ్వానా రోజూ ఇంటర్వెల్లో స్టాఫ్ రూముకు వెళ్ళి సార్ల ముందు నిలబడి తాళంచెవి అడుగుతోందట. ఆమె వెనక ఆడపిల్లలు బారుగా వెళ్తున్నారట. ఆ మాటకు సంతోషమేసింది. ఆ తాళం తల్చుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పిల్ల ధైర్యంగా అడగడం గొప్పే. అడగాల్సి రావడం సిగ్గుచేటు.

ఊరు చూపించడమంటే గోపురాలూ గుమ్మటాలూ చూపించడమని ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అనుకున్నాను. కడుపు బిగబట్టుకున్న పిల్లకు ఏ గుమ్మటమూ కనిపించదు. ఇప్పుడు ఏ బడి వాళ్ళు ఆడపిల్లల టూర్ కోసం వచ్చినా, ఎందరు, ఎక్కడికి, ఎప్పుడు అని అడగను. ముందు కుర్చీ వేసి, గ్లాసుతో మంచినీళ్ళిచ్చి, "మీ బళ్ళో ఆడపిల్లల బాత్రూము తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందండి?" అని అడుగుతాను. తాళమెందుకండి అన్నవాళ్ళకు నా బస్సు దొరుకుతుంది.