దన్ను తీసిన కమాను

ఏరా, బాగున్నావా? ఫోన్ల మీద ఫోన్లు చేశావు, ఒక్కటీ ఎత్తలేదు. మెసేజ్‌లకూ ఇన్నాళ్లు జవాబివ్వలేదు. ఏమీ అనుకోకు. మా పక్కింటి మాస్టారు పోయారు. గుండె జబ్బు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేస్తారనే అనుకున్నాం. రాలేదు.

నీకు గుర్తుండాలి. కాల్గరీ నుంచి నువ్వు వచ్చినప్పుడు మనం డెక్ మీద టీ తాగుతుంటే, చెక్కతో చేసిన ఇంగ్లీషు 'ఎ' అక్షరంలాంటిది పట్టుకుని వచ్చి, మన టేబుల్ ఒక పక్కకు వాలిందని చెప్పి వెళ్లారే, ఆయనే. ఇక్కడే సర్రీలో హైస్కూలు పిల్లలకు చెక్కపని నేర్పి రిటైరయ్యారు. పాతకాలపు రోమన్ల పనిముట్లంటే ఆయనకు ప్రాణం. వాళ్ల రాజులూ యుద్ధాలూ ఎవరికి కావాలయ్యా అనేవారు. ఉలి, చిత్రిక, తాళంచెవి, రాళ్లెత్తే యంత్రం, ఇవి కావాలి ఆయనకు. పుస్తకంలో బొమ్మ చూసి గ్యారేజీలో చేసుకునేవారు. చేశాక దాంతో ఏదో ఒక పని చేసి చూడందే నిద్ర పట్టేది కాదు.

ఆ 'ఎ' రోమన్ల మట్టం. పై కొన నుంచి దారం, దారానికి సీసపు గుండు. దారం అడ్డపట్టీ మీది గీత దగ్గర ఆగితే కింద సమంగా ఉన్నట్టు. బాగానే ఉంది కానీ, నాది గ్రానైట్ కౌంటర్‌టాప్‌ల వ్యాపారం కదా, నేను బిగించిన వంటిల్లు చూస్తానని వచ్చి కస్టమర్ ముందే అది పెట్టేసేవారు.

"మాస్టారూ, నా దగ్గర లేజర్ ఉంది. మీకు దణ్ణం పెడతాను, ఇవాళ వద్దు."

"లేజర్ నీకు చెబుతుందయ్యా. ఇది ఆవిడకు చూపిస్తుంది."

ఆ ఇంటావిణ్ని పిలిచి మరీ చూపించేవారు. ఆవిడ కళ్లు దారం మీద, నా కళ్లు ఆవిడ మీద. దారం గీత మీద ఆగాక మాత్రం నాకంటే ఆయనకే సంతోషం. ఇప్పుడు ఆ వంటిళ్లవాళ్లే ఫోన్ చేసి ఆయన గురించి అడుగుతున్నారు.

నిరుడు ఆయన మనసు కమాను మీద పడింది. సిమెంటు లేకుండా, రాయికి రాయి ఆనుకుని నిలబడేది. వాళ్ల పెరట్లో ఆంటీ, అదే మాస్టారి భార్య, వేసుకున్న గోంగూర మళ్లలోకి దారిగా. నా యార్డులో మిగిలిపోయిన గ్రానైట్ దిమ్మలు ఇచ్చాను. ఒకదానికొకటి ఆనే ముఖాలకు కూడా అద్దంలా పాలిష్ పట్టమన్నారు, సందు కనపడకూడదని. వాటిని ఎత్తడానికి మూడు ఇనుప ముక్కలు చేశారు. రాతి పైన లోపలికి వెడల్పయ్యే గుంట తొలిచి, పక్క ముక్కలు రెండూ ముందు దింపి, మధ్యలో మూడోది దూర్చాలి. ఇక తాడు కట్టి పైకి లాగేకొద్దీ బిగుసుకోవడమే. పట్టు సంగతి అలా ఉంచి, "ఎత్తడం ఎవరైనా ఎత్తుతారు. దించేటప్పుడు చూడాలి మనిషి పనితనం" అనేవారు.

కింద అర్ధచంద్రంలా చెక్క ఫ్రేము దన్ను పెట్టి, దాని మీద రాళ్లు పేర్చి, చివరికి నడిమి రాయి దించాం. చూడ్డానికి రెండు కళ్లు చాలలేదు. ఫ్రేము తీయగానే సబ్బుబిళ్లల్లా జారి గోంగూర మీద పడ్డాయి అన్నీ.

ఆంటీ తలుపు దగ్గర నిలబడి చూసింది. "పచ్చడి నూరడానికి ఇంత రాయి ఎందుకండీ?"

మాస్టారు నేల మీద కూర్చుని నవ్వారు. "రోమన్లు ఈ ముఖాలు గరుకుగా వదిలేవాళ్లయ్యా. చదివాను. చదివి కూడా షోకుకు పోయాను."

మొన్న ఎండాకాలమంతా ఉలీ సుత్తీ పట్టుకుని, నేను పట్టిన పాలిష్‌ను ఆయనే గరుకు చేశారు. టకటకా చప్పుడు మా ఇంట్లోకి వినపడేది. ఆంటీ ఊరుకుంటుందా? "రోళ్లకు గంట్లు పెడతాం అమ్మా అని కేక కూడా వెయ్యండి. వీధిలో నాలుగు బేరాలొస్తాయి."

"నీ రోలే ముందు పట్రా, బోణీ చేస్తాను."

కమాను మళ్లీ నిలబెట్టాం. ఆదివారం దన్ను తీద్దామన్నారు. శుక్రవారం ఆయాసం వచ్చింది. ఆస్పత్రిలో నన్ను అడిగిన మాట, "వాన పడుతోందా? చెక్క ఉబ్బుతుంది. అలా వదిలెయ్యకు."

కర్మలన్నీ అయ్యాక ఆంటీ నన్ను పిలిచి ఫ్రేము తీసెయ్యమంది. బర్నబీ నుంచి వచ్చిన వాళ్లమ్మాయి నన్ను పక్కకు తీసుకెళ్లింది. "అంకుల్, ప్లీజ్ లీవ్ ఇట్. ఇఫ్ ఇట్ ఫాల్స్, మామ్ కాంట్ టేక్ ఇట్." నా భయమూ అదే. ఆయన చేత్తో చేసిన ఆఖరి పని ఆవిడ కళ్ల ముందే కూలితే, ఆ చప్పుడు ఆ ఇంట్లోంచి ఎప్పటికి పోతుంది?

ఆంటీకి వినపడింది. "ఆయన కట్టింది కమానే. చెక్క మీద పేర్చిన రాళ్లు కాదు. నిలబడుతుందో లేదో నాకు తెలియాలి. పడితే పడనీ, చూస్తాను."

ఫ్రేము కింద రెండు వైపులా ఏటవాలుగా కోసిన చెక్కలు ఎదురెదురుగా దూర్చి ఉంటాయి. అవి జారితే ఫ్రేము కొద్దికొద్దిగా దిగుతుంది. నేను కుడివైపు వరసగా కొట్టబోయాను.

"అలా కాదు బాబూ. అటొక దెబ్బ, ఇటొక దెబ్బ. నిద్రలో కూడా అదే చెప్పేవారు నాకు."

అలాగే కొట్టాను. రాళ్లలో ఎక్కడో కటుక్కుమంది. సందుల్లోంచి రాతిపొడి సన్నగా రాలింది. వాళ్లమ్మాయి కళ్లు మూసుకుంది. ఇంకొక దెబ్బ. ఇంకొకటి. ఫ్రేముకూ రాళ్లకూ మధ్య వెలుతురు గీత కనిపించింది. ఆంటీ నన్ను ఆగమని, ఆ సందులోకి అరచెయ్యి దూర్చింది. ఈ చివర నుంచి ఆ చివరకు, పైకీ కిందికీ, మెల్లగా జరుపుకుంటూ వెళ్లింది. ఎక్కడా తగల్లేదు.

"ఇంక తీసెయ్యండి" అంది. అప్పటిదాకా వద్దన్న పిల్లే వచ్చి రెండో చివర పట్టుకుంది. ఇద్దరం ఫ్రేమును బయటికి లాగాం. ఆంటీ కాసేపు అక్కడే నిలబడి, ఆ తరవాత కమాను కిందుగా అవతలికి వెళ్లింది.

ఇప్పుడు కూడా వానే, మా కిటికీలోంచి కనపడుతోంది. పెరడంతా నల్లగా తడిసిపోయింది. కమాను కింద మాత్రం మనిషి పట్టేంత మేర నేల ఇంకా పొడిగా, తెల్లగా ఉంది.

నువ్వెప్పుడొస్తున్నావురా?