ఘాట్ రోడ్డులో ఇసుక మేట

కూర్మన్నపాలెంలో టెంటు సంచితో పాడేరు బస్సెక్కాను. ఘాట్‌లో ఒక మలుపు దగ్గర ఎండిపోయిన గెడ్డ, ఆ కొండవాగు పక్కన చదునైన ఇసుక మేట కనిపించాయి. రాత్రి పడుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదనుకుని దిగబోయాను. పక్క సీట్లోని పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఒద్దు బాబూ. పై కొండల్లో వాన పడితే, ఇక్కడ సినుకైనా పడకండానే గెడ్డ పొంగిపోతాది. నా కొడుకు అక్కడే టెంటేసాడు. నిద్దర్లోనే కొట్టుకుపోయాడు.”

మలుపు దాటేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు.

“మీరెక్కడికి వెళ్తున్నారు?” అని అడిగాను.

“ఎక్కడికీ లేదు. వానాకాలమంతా ఈ బస్సులోనే తిరుగుతన్నాను. ఎవులో ఒకలు అక్కడ దిగుతామంటారు కదా.”

పాడేరులో నేను దిగాను, ఆయన దిగలేదు. తర్వాత ఎన్నో కొండల్లో టెంటు వేశాను గానీ, నీళ్ల చప్పుడు వినబడేచోట ఇప్పటికీ నిద్ర పట్టదు.