ఎడారిలో తలస్నానం

న్యూజిలాండ్‌లో ఎడారేంటని నన్నడక్కండి. మా అమ్మాయి మొదటిసారి చెప్పినప్పుడు నేనూ అదే అడిగాను. పదిహేడేళ్ళుగా క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటున్నాను, స్వెట్టరు చేతిలో లేకుండా ఏ వేసవిలోనూ గడప దాటింది లేదు. అలాంటి దేశంలో, కిందికి ఆరు గంటలు డ్రైవ్ చేస్తే సెంట్రల్ ఒటాగో అని ఒక చోటుంది. చెట్టూ లేదు, నీడా లేదు. ఎండిపోయిన గడ్డి, నల్ల బండలు, ఎండ. మా అమ్మాయికి ఆ బండల మీద మనసు పడింది.

ఇరవై రెండేళ్ళ పిల్ల. నర్సింగ్‌లో చేరి ఏడాది చదివి, నాకిది వద్దమ్మా అని మానేసి, జంతువుల గురించి ఏదో డిగ్రీ చేసింది. అది అయ్యాక ఆ ఎడారిలో జనాన్ని నడిపించి చూపించే గైడు ఉద్యోగానికి అప్లై చేసింది. నేను హాస్పిటల్లో నర్సుని. మా ఆయన బిల్డింగ్ కట్టే కంపెనీలో ఇంజనీరు. మా పేట రిక్కార్టన్‌లో తెలిసిన పిల్లలందరూ ఫార్మసీ అనో అకౌంట్స్ అనో సెటిల్ అవుతుంటే, మాది మాత్రం రాళ్ళ మీద బల్లుల్ని చూపించే పనికి పోతానంటుంది! నాకు ఒళ్ళు మండదా మరి?

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఆ కంపెనీ ఓనరు ఒక పెద్దావిడ. గైడుగా తీసుకునే ముందు, నీ వాళ్ళనే కొందరిని తీసుకొచ్చి ఒకసారి నడిపించు, నేను వెనకాల నడుస్తూ చూస్తాను అందట. అందులో పాసైతే ఉద్యోగం, అక్కడే కాపురం. పాసవ్వకపోతే ఫిబ్రవరిలో మళ్ళీ నర్సింగ్‌లో చేరతానని మా అమ్మాయి నాకు మాటిచ్చింది. కాలేజీ వాళ్ళూ చేర్చుకుంటామన్నారు. కాబట్టి ఉన్నమాట చెప్తాను, అది ఫెయిల్ అవ్వాలనే నేను ఆ నడకకి బయల్దేరాను. కన్నతల్లివేనా అంటే అంటారు, అనండి.

జనవరి నెల, ఇక్కడ నడి వేసవి. నేనూ మా ఆయనా, మాతోపాటు ఆయన అక్కగారు. వదినగారిది ఆక్లాండ్‌లో శాండ్రింగ్‌హామ్ పేట, ముసలివాళ్ళని చూసుకునే కేర్‌హోమ్‌లో పని. మేనకోడలి పరీక్షంటే నేను లేకుండానా అని విమానమెక్కి వచ్చేశారు. రావడం రావడం పెద్ద డబ్బా నిండా పులిహోర, పన్నెండు ఉడకబెట్టిన గుడ్లు. అత్తయ్యా, ఇది నడక, పెళ్ళివిందు కాదు అని అమ్మాయి మొత్తుకుంది. ఆకలేస్తే నీ బండలు తింటావేంటే అన్నారావిడ.

పొద్దున్నే కార్ పార్కులో మొదలైంది తతంగం. ముందు మా బూట్ల అడుగులు బ్రష్షుతో రుద్దించింది మా అమ్మాయి. బయటి కలుపు గింజలు లోపలికి రాకూడదట. తర్వాత ఫారాలు ఇచ్చి నింపమంది. ఏం జబ్బులున్నాయి, ఏం మాత్రలు వేసుకుంటారు, అన్నీ. సొంత తండ్రికి కూడా ఫారమే. నా మాత్రలు నీకు తెలీవా అని ఆయన విసుక్కుంటే, రాయండి నాన్నా అంది. ఆపైన తలా రెండు లీటర్ల నీళ్ళ సీసా. దారిలో ఎక్కడా నీళ్ళుండవు, ఇవి తాగడానికే, ఇంకోదానికి వాడకండి అని రెండుసార్లు చెప్పింది. వెనకాల ఓనరావిడ చిన్న నోటుబుక్కు పట్టుకుని, అసలు తను అక్కడ లేనట్టే నిలబడింది.

నడక మొదలైన పావుగంటకే నాకు తిక్క రేగింది. మా అమ్మాయి ఆగుతుంది, చూపిస్తుంది, నడుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఇదిగో అడవి థైమ్ మొక్క, నలిపి వాసన చూడండి. చూస్తే మన వాము వాసన. అదిగో పైన డేగ. ఎక్కడ? పోయింది. అల్లదిగో కుందేలు. కూర వండుకోవచ్చా అని ఇంగ్లీషులోనే అడిగారు వదినగారు. నవ్వుతారనుకుంటే ఓనరావిడ ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకుంది. నిజానికి కుందేళ్ళు ఇక్కడి గడ్డికి పట్టిన పీడ అత్తయ్యా, కాల్చేస్తారు అంది అమ్మాయి. మరింకేం, అన్నారావిడ.

గంటన్నర నడిచాక ఒక పెద్ద బండ వచ్చింది. గొడుగులా ముందుకి వంగిన బండ, దాని కింద రాళ్ళు పేర్చి కట్టిన గోడ. అదొక ఇల్లు. వందేళ్ళకి పైమాటే, బంగారం దొరుకుతుందని సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు కట్టుకున్నదట. చైనా నుంచి వచ్చినవాళ్ళు ఇలాంటి గుహల్లో చలికాలాలు గడిపి, ఎక్కడో కింద లోయలో ఏరు దగ్గర ఇసుక కడిగి, దొరికిన నలుసు ఇంటికి పంపేవారట. మా అమ్మాయి చెప్తుంటే బాగానే ఉంది, ఒప్పుకోవాలి. మన కేర్‌హోమ్ డ్యూటీల్లాంటిదే అన్నమాట అని వదినగారు నిట్టూర్చారు. ఎండ మాడ్చేస్తోంది కదా అని అందరం ఆ బండ కిందకి దూరాం.

అప్పుడు పడింది బల్లి.

పైన బండ చీలికలోంచి జారి, సరిగ్గా మా ఆయన నెత్తి మీద పడింది. మన ఇళ్ళల్లో తిరిగే బల్లికి అన్నగారిలా, గోధుమరంగులో, చారలతో. నెత్తి మీంచి భుజానికి, భుజం మీంచి నేలకి దూకింది. ఎవరూ కదలకండి అని అమ్మాయి చేయెత్తింది. మేం తొక్కుతామని దాని భయం. ప్రపంచంలో ఇంకెక్కడా లేని బల్లి అట. అది మెల్లగా గోడ సందులోకి పోయేదాకా అందరం బొమ్మల్లా నిలబడ్డాం. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను.

అనుకునేలోపే వదినగారు గొల్లుమన్నారు. "ఓరి తమ్ముడో! నెత్తి మీద పడిందిరో! నడినెత్తి మీద!"

మా వదినగారు మూడు తరాల క్రైస్తవురాలు. శాండ్రింగ్‌హామ్‌లో ఆడవాళ్ళ ప్రార్థనా కూటం ఆవిడ చేతిమీదే నడుస్తుంది. శకునాలు చూడకూడదని పిల్లలకి పాఠం కూడా చెప్తారు. కాని నెత్తి మీద బల్లి పడితే ప్రాణగండం అని చిన్నప్పుడు పక్కింటి మామ్మగారు చెప్పిన మాట ముందు అవన్నీ బలాదూర్. వెంటనే తలస్నానం చేయించాలట. నేను ఆగండి వదినగారూ అంటుండగానే ఆవిడ తమ్ముడి సీసా మూత తీసి ఆయన నెత్తి మీద గుమ్మరించేశారు. చాలదని తన సీసా. అదీ చాలదని నా చేతిలోది లాక్కుని, అడుగంటా. మా ఆయన, ఇంజనీరు గారు, కళ్ళు మూసుకుని చక్కగా వంగి పోయించుకున్నారు!

"ఇదేం చోద్యం వదినగారూ! దేవుణ్ణి నమ్మేవాళ్ళం కాదా మనం?" అన్నాను.

"నమ్ముతాం కాబట్టే! హిందువులకైతే కంచిలో బంగారు బల్లి ఉంది, ముట్టుకుంటే దోషం పోతుంది. మనకేముందమ్మా? స్నానమొక్కటే!"

  అమ్మాయి ఖాళీ సీసాలు మూడూ చూసింది. తన సంచిలోది తీసి మా సీసాల్లో తలా కాస్త పోసింది. గడియారం చూసింది. వెనక్కి వెళ్ళిపోదాం అంది.

అసలైనవి ఇంకా ముందున్నాయి. బంగారం తవ్విన కాలవ, కొండ మీంచి కనిపించే లోయ, ఇంకేవో పెద్ద బల్లులు. అవి చూపించడానికే నెలరోజులు అద్దం ముందు నిలబడి చదువుకుంది పిల్ల. నాకు దాహం లేదు, పోదాం పద అన్నారు మా ఆయన, తలమీంచి నీళ్ళు కారుతుండగా. వదినగారు కూడా, ఇంత దూరం వచ్చి ఏం చూశామే అన్నారు. అప్పుడు నేను నోరు విప్పాను. తెలుగులోనే, ఓనరావిడకి అర్థం కాకుండా. "ఆవిడ ముందు పరువు తీసుకుంటావా? సగంలో వెనక్కి తీసుకొస్తే నీకు ఉద్యోగం ఎవరిస్తారే? గంట నడకకి చచ్చిపోతామా? పద ముందుకి!"

చూశారా నా బుద్ధి! ఫెయిల్ అవ్వాలని వచ్చినదాన్ని, పాస్ చేయించాలని అరుస్తున్నాను.

అది నావైపు తిరిగింది. వచ్చీరాని తెలుగులో, గొంతు పెంచకుండా అంది. "అమ్మా, ఇక్కడ నేను చెప్పింది మీరు వినాలి. వెనక్కి."

మా ఇంట్లో తండ్రి ముందు ఆ మాట అలా ఎవరూ అనరు. ఆయన మొహం మాడిపోయింది. నాకైతే చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. కాని అది అప్పటికే వరస మార్చేసింది, నాన్న తన వెనకాలే, ఆ తర్వాత నేను, నా వెనక అత్తయ్య. వెనక్కి నడిచాం.  వదినగారి పులిహోర డబ్బా నేను మోశాను, దాని మీద కూడా కోపమే నాకు.

ముప్పావుగంట గడిచిందో లేదో, మా ఆయన తూలారు. పెదాలు తెల్లబడ్డాయి. అమ్మాయి ముందే కనిపెట్టి చేయి పట్టుకుంది, బండ నీడలో కూర్చోబెట్టింది, తనకోసం ఉంచుకున్న నీళ్ళు గుక్క గుక్కగా తాగించింది. ఓనరావిడతో మెల్లగా చెప్పింది. ఆయన బీపీకి ఒంట్లో నీళ్ళు బయటికి పంపే మాత్ర వేసుకుంటారు, ఫారంలో రాశారు, అందుకే వెనక్కి తిప్పాను అని.

 ఆ మాత్ర వేసుకునేవాళ్ళు ఎండలో నీళ్ళు లేకుండా తిరగకూడదని వార్డులో రోజూ నలుగురికి చెప్పేది నేను. ప్రతి పొద్దున్నా ఆయనకి ఆ మాత్ర చేతికిచ్చేది నేను. ముందుకి నడవమని అరిచిందీ నేనే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందట. ఆ బల్లిని నేనే.

ఆయన తేరుకున్నారు. మెల్లగా కార్ పార్కు చేరుకున్నాం. వదినగారు తమ్ముణ్ణి కారులో పడుకోబెట్టి, చూశావా గండం, స్నానం చేయించబట్టి సరిపోయింది అంటున్నారు. ఆవిడతో వాదించే ఓపిక నాకు లేదు.

ఓనరావిడ నా దగ్గరకొచ్చింది. గుంపులో ఒకరి మాట అడగడం తన పద్ధతట. నర్సువి కాబట్టి నిన్నే అడుగుతున్నానంది. ఈ అమ్మాయికి మనుషుల్ని అప్పగించవచ్చా?

మా అమ్మాయి అక్కడే ఉంది. నేను నోరు తెరిచేలోపు తెలుగులో అంది. "నో చెప్పేయమ్మా, పర్లేదు. నేను ఫెయిల్ అవ్వాలని వచ్చావు కదా. నాకు తెలుసు. తెలిసే నిన్ను రమ్మన్నా."

ఎంత సిగ్గేసిందో చెప్పలేను. అది నన్ను నిందించడం కూడా లేదు, మామూలుగా చెప్తోంది. నిన్నటిదాకా నేను కోరుకున్న అవకాశం నా నోట్లోనే ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఫిబ్రవరికల్లా ఇంటికొచ్చేస్తుంది, పక్క గదిలో ఉంటుంది, నా వెనకే డ్యూటీకొస్తుంది. ఆ మాట అందామని నిజంగానే అనిపించింది కూడా.

ఓనరావిడ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాను. "తప్పు చెప్పే సీనియర్‌కి ఎదురు చెప్పలేని కొత్త నర్సుల్ని నేను చాలామందిని చూశాను. దీని సీనియర్‌ని నేను. ఇవాళ నా మాట వినలేదు. విని ఉంటే నా భర్త ఇంకా ఆ కొండ మీదే పడుండేవాడు. అప్పగించండి."

ఆవిడ నోటుబుక్కు మూసి, సోమవారం నుంచి రమ్మంది.

మా అమ్మాయి వ్యాన్ వెనక్కి పోయి వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. మళ్ళీ నాకు చిర్రెత్తుకొచ్చింది. వెనకాలే వెళ్ళి, ఉద్యోగం వచ్చినదానివి నువ్వెందుకే ఏడవడం, ఇంటికి ఒట్టి చేతులతో పోయేది నేను కదా అన్నాను. అనేసి, దాని కంటే గట్టిగా ఏడ్చాను.