గ్యాలరీ దగ్గర ఆగే గొంతు

అమెరికాలో, హెర్న్‌డన్ ఊళ్లో మా పక్కింట్లో ఒక రిటైర్డ్ డాక్టర్ ఉండేవారు. ఇక్కడికి రాకముందు లండన్‌లో పనిచేస్తూ, సెలవు దొరికితే హాంప్టన్ కోర్ట్ రాజభవనానికి వెళ్లేవారట. నేను టీకి వెళితే దాని చరిత్రే చెప్పేవారు. ఒక మతగురువు కట్టించుకున్నాడు, రాజు సొంతం చేసుకున్నాడు, నూట యాభై ఏళ్ల తర్వాత మరో రాజు సగం పడగొట్టి కొత్తగా కట్టాడు. ఎటు తిరిగినా కథ అక్కడి ఒక గ్యాలరీ, అంటే పొడవాటి నడవా దగ్గరికే వచ్చేది. మరణశిక్షకు భయపడిన ఓ చిన్న వయసు రాణి, ప్రార్థనలో ఉన్న రాజును వేడుకోవాలని అందులో పరిగెత్తిందనీ, భటులు ఆమెను వెనక్కి ఈడ్చుకెళ్లారనీ, ఆ కేకలు ఇప్పటికీ వినిపిస్తాయనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అది చెబుతుండగానే ఆయన గొంతు ఆగిపోయేది.

"దయ్యాల్ని నమ్ముతారా అంకుల్?" అని ఒకరోజు నవ్వుతూ అడిగాను.

"రాణి సంగతి నాకు తెలీదమ్మా. లండన్‌లో మా హాస్పిటల్‌కి ఒకావిడ అలాగే పరిగెత్తుకొచ్చింది. లోపల భర్త ప్రాణం పోతోంది. విజిటింగ్ అవర్స్ అయిపోయాయి, డోర్ తీయొద్దని సీనియర్ ఆర్డర్. ఆవిడ భర్తని పేరు పెట్టి పిలుస్తూ తలుపు బాదింది. నేను తలుపు తీయకుండా లోపలే నిలబడ్డాను. అతను తలుపు వైపే చూస్తూ పోయాడు."

ఆయన నా వైపు తిరిగారు.

"నువ్వైతే తీసేదానివా?"

తీసేదాన్ననే చెప్పబోయాను. వీసా పోతుందన్న భయంతో ఆఫీసులో మేనేజర్ ఏమన్నా తలూపేది నేనేనని గుర్తొచ్చి, ఖాళీ టీ కప్పులు తీసుకుని లేచాను.