వేడినీళ్ల షవర్

సుబేదారిలో ఒక హోటల్లో నేను మెయింటెనెన్స్ చూసేవాణ్ని. గెస్టులు ఖాళీ చేసిన గదుల్లో కుళాయిలు కారుతున్నాయా, నీళ్లు నిలుస్తున్నాయా, గీజర్ పనిచేస్తోందా అని ముందే చూసి బాగుచేయడం నా పని. బాత్రూములు కడిగే అక్క నాతోపాటే ఉండేది. ఆమె నెక్కొండ నుంచి రైల్లో వచ్చేది. నేను షవర్ తిప్పగానే చెయ్యి చాపి వేడి చూసేది.

"ఒక్కసారన్న దీని కింద తానం చేయాలనున్నది తమ్మీ," అనేది.

గెస్టుల గదుల్లో సిబ్బంది స్నానం చేయకూడదు. కొత్త గీజర్లు బిగించినప్పుడు, ఎవరో ఒకరు వాడి చూడాలి కదా, ఒక గదిలో అక్కను స్నానం చేయనివ్వండి అని మేనేజరును ఒప్పించాను. అక్క చిన్నపిల్లలా నవ్వింది. ఆ రోజు మార్చుకోవడానికి వెంట బట్టలు లేవని సోమవారం చేద్దామనుకున్నాం.

సోమవారం ఆమె రాలేదు. ఇంటి ముందు జారిపడి తుంటి విరిగిందని కొడుకు ఫోన్ చేశాడు. మళ్లీ పనికి రాలేకపోయింది.

కొన్నాళ్లకు, హోటల్లో మార్చేసిన షవర్ ఒకటి అడిగి తీసుకెళ్లి ఆమె ఇంట్లో బిగించాను. ట్యాంకు ఎత్తు చాలక నీళ్లు సన్నగా కారాయి. అవీ చన్నీళ్లే. అక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ ధార కింద తల వంచింది.

"మంచిగనే వస్తున్నయి తమ్మీ, ఫికర్ చేయకు," అంది.

మేనేజరు ఒప్పుకున్న రోజు ఆ గది సాయంత్రం దాకా ఖాళీగానే ఉంది. బట్టలు బజార్లో కొనుక్కొచ్చినా సరిపోయేదని తిరుగు రైల్లో తోచింది.