మా మావ విప్పిన నారకట్టలు

మూడేళ్ళుగా మీరు చేసిన పని తప్పని ఎవరైనా మొహం మీదే చెబితే, ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టగలరా? అలా చెప్పగలిగిన మనిషి మా కుటుంబంలో ఒకడుండేవాడు. మొన్న మంగళవారం పొద్దున ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయాడు. మా అమ్మకి తమ్ముడు, నాకు మావ.

నెల్లిమర్ల జూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు నార రకాలు తీశాడు. గుప్పెడు నార పట్టుకుని ఒక్కసారి లాగి, మొదలు నలిపి, వాసన చూసి, ఇది మొదటి రకం, ఇది మూడో రకం అని పక్కన పడేసేవాడు. చదువు ఐదో తరగతి. మందిరంలో ఆఖరి బల్ల ఆయనది. నా ప్రసంగం పొడుగైతే భుజం మీద తువ్వాలు తీసి మడత పెట్టేవాడు. మూడోసారి మడత పెట్టాడంటే నేను ఆమెన్ చెప్పాలన్నమాట.

మా అమ్మాయి చదివింది కంప్యూటర్లు. పీహెచ్‌డీకి వచ్చేసరికి వాటిని తెచ్చి గోగునారలో పడేసింది. సంతలో రైతు ఫోన్‌తో ఫొటో తీస్తే చాలు, తన నార ఏ రకమో తెలిసిపోవాలి. అదీ దాని పరిశోధన. అయితే కంప్యూటర్‌కి ముందు ఎవరో ఒకరు నేర్పాలి కదా. వాళ్ళ తాతనే, అంటే మా మావనే, గురువుగా కూర్చోబెట్టింది. ఆయన రకాలు తీసి కట్టలు కట్టేవాడు, ఇది ఫొటోలు తీసేది.

"దీనికి సేతులున్నాయేటే గుంటా?" అనేవాడు.

"లేవు తాతా, కళ్ళే ఉన్నాయి."

"మరైతే సగమే నేర్సుకుంటాది."

కానీ కంప్యూటర్ బాగా నేర్చుకుంది. ఏ కట్ట చూపించినా తప్పు చెప్పేదే కాదు. ఒక పెద్ద సభకి పంపాలని మా అమ్మాయి పేపరు రాసింది. నేనైతే ఆగలేక ఆదివారం వేదిక మీదే చాటేశాను.

తర్వాతి శనివారం మావ మా ఇంటికొచ్చాడు. కంప్యూటర్ ఒక్కో కట్ట రకం చెబుతుంటే చూశాడు. లేచి, మూడో రకం కట్ట ఒకటి విప్పి, మళ్ళీ కట్టాడు.

"ఇప్పుడు తియ్యి ఫొటో."

మొదటి రకం అని వచ్చింది!

ఈసారి మొదటి రకం కట్ట విప్పి వేరేగా కట్టాడు. మూడో రకం అని వచ్చింది. మా అమ్మాయి మొహం పాలిపోయింది.

మిల్లులో ఆయనకో అలవాటుండేది. మంచి నారైతే ముడి కొసలు లోపలికి దోపేవాడు, నాసిదైతే వదిలేసేవాడు. ఇక్కడా ఆయన చెయ్యి తెలియకుండానే అలాగే కట్టేసింది.

"నీ మిషను నార సూడనేదే గుంటా. నా ముడి సూసింది."

నేను చేసిన పని ఇక్కడ ఒప్పుకోవాలి. "పేపరు పంపడానికి వారమే ఉంది మావా, మూడేళ్ళ కష్టం పోతుంది, ఎవరికీ తెలీదు, ఊరుకో" అన్నాను.

"ఒరే అల్లుడా, ఆదివారం ఏటి సెప్తావు, శనివారం ఏటి సెప్తన్నావు? సంతకి రైతు నార తెస్తాడు గాని నా ముడి తెస్తాడేటి?"

అన్నదమ్ముల్లో పెద్దవాడి ఎత్తు చూసి రాజుగా అభిషేకించబోయిన ప్రవక్తను దేవుడు ఆపి, లోపల చూడమన్న సంగతి నేనెన్ని ఊళ్ళలో గొంతు చించుకుని చెప్పానో! ఆ వాక్యాన్ని మా ఇంట్లో బతికించింది ఏనాడూ వేదిక ఎక్కని మనిషి.

మా అమ్మాయి కాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని తానే గైడ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. పేపరు ఆగిపోయింది. మావ రోజూ బస్సులో వచ్చాడు. నార దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా ప్రతి కట్టా తానే విప్పి, నల్లగుడ్డ మీద నార విడివిడిగా పరిచాడు. మళ్ళీ మొదట్నుంచి నేర్పారు. ఈసారి కంప్యూటర్ తరచూ తప్పింది.

"తప్పనీ. ఇప్పుడు నారే సూస్తన్నాది. కొత్తలో నేనూ తప్పీవోణ్ణే" అని నవ్వాడు.

పట్టా ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. ఆ పొరపాటు మీద మా అమ్మాయి తన సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయమే రాసింది. ఎక్స్‌రేల మీద పనిచేసే డాక్టర్లు, ఉపగ్రహ చిత్రాల్లో పంటలు లెక్కగట్టేవాళ్ళు ఇప్పుడు దాని దగ్గరికొచ్చి, మా ఫొటోల్లో కూడా ఇలాంటిదేమైనా దాగి ఉందేమో చూడమ్మా అని అడుగుతున్నారు. మా మావ ఐదో తరగతి చదువు ఎక్కడిదాకా వెళ్ళిందో చూడండి! సమాధి దగ్గర నాకు ఏడుపుకన్నా ముందు గర్వమే వచ్చింది.

చదువుకుంటున్న పిల్లలారా, చదివిస్తున్న తల్లిదండ్రులారా, మీ పనిలో మీకొక్కరికే తెలిసిన తప్పు ఏదైనా ఉందా? నాలాగా "ఊరుకో" అనకండి. ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. చెప్పాల్సిన మనిషికి ఫోన్ చేయండి. రేపు కాదు, ఈ పూటే. ఇప్పుడే.