ఒర్రె గట్టు మీది బూడిద

మా బస్తీ గోదావరిఖని అంచున ఒక ఒర్రె పక్కన ఉంది. ఒర్రె అంటే వానాకాలంలో తప్ప పారని సన్నని వాగు. కాపురానికి వచ్చిన కొత్తలో దాన్ని చూసి, ఇదీ ఒక వాగేనా అని నవ్వుకున్నాను. ముప్పై ఏళ్ళకు అదే మా ఇంట్లోకి వచ్చింది.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ళ ముందు మాట. అప్పటికే వానల తీరు మారిపోయింది. నాలుగు నెలలు మెల్లగా కురవాల్సిందంతా ఒక్క పూటలో కుమ్మరించి పోయేది. అలాంటి ఒక పూట, పట్టపగలు, కొడుకు బొగ్గు గనిలో మొదటి షిఫ్టులో ఉన్నప్పుడు నీళ్ళు గడప దాటాయి. మా ఆయనకు పక్షవాతం. మంచం మీది నుంచి తనంతట తాను దిగలేడు. నేనూ పక్కింటామే ఒక్కో కోడు ఎత్తి కింద ఇటుకలు పెట్టాం. నీళ్ళు పెరిగాయి. ఇంకో వరుస పెట్టాం. నీళ్ళు నవారును తాకి ఆగాయి. ఆ తర్వాత ఏడాదంతా మబ్బు పడితే చాలు, ఇటుకలు లెక్కపెట్టుకునేదాన్ని.

మరుసటి ఎండాకాలం ఒర్రె మీద పాత కల్వర్టు తీసి కొత్తది కట్టడానికి ఒక ఇంజనీరు వచ్చింది. కోస్తా వైపు పిల్ల. తల మీద చున్నీ కప్పుకుని ఇల్లిల్లూ తిరిగి, నీళ్ళు ఎందాకా వచ్చాయో అడిగి గోడల మీద సుద్దతో గీతలు గీసింది.

"పాత లెక్కల ప్రకారం రెండు తూములు చాలండీ మామ్మగారూ," అంది మా అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగుతూ. "కానీ ఇప్పటి వాన పాత లెక్క వినట్లేదు. మూడు పెడుతున్నాను. మనం కట్టేది మీ మనవళ్ళ కాలపు వానకు కూడా ఆగాలి కదండీ."

పిల్లకు బుద్ధి ఉంది అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం గట్టు మీద కూలీలు తవ్విన గుంట చూశాక నా మనసు నిలవలేదు. రెండడుగుల కింద నల్లగా, గట్టిగా తగిలింది. పిల్ల దాన్ని గట్టి నేల అనుకుంది. పునాది అక్కడే అని చెప్పింది.

అది నేల కాదు. మా పొయ్యిల బూడిద.

బస్తీలో అందరం బొగ్గు మీదే వండుకునేవాళ్ళం. ఇంటికి రోజూ ఒక తట్ట బూడిద. దేన్నయినా ఊరికే పారబోస్తే నాకు గిట్టదు. ఒర్రె గట్టున పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి చదును చెయ్యమని వాడకంతా నేర్పింది నేనే. ఏడాదికేడాది ఒర్రె సన్నబడింది, మా పెరళ్ళు పెరిగాయి. అట్లా పెరిగిన జాగాలోనే నా బీరపాదు, నా రేకుల జాలారి. స్నానాలు, అంట్లు, బట్టలు అన్నీ అందులోనే. నిజం చెబితే ఒర్రెను వెడల్పు చేస్తారు, అవి పోతాయి.

ఇంట్లోకి పోయి ఆయనకు జావ తాగించబోయాను. నవారు మీద నీళ్ళ మరక ఇంకా పోలేదు. గిన్నె అక్కడే పెట్టి గుంట దగ్గరున్న పిల్ల దగ్గరికి వచ్చాను.

"బిడ్డా, ఆ గుంటల ఒక బకెట్ నీళ్ళు పొయ్యి."

"ఎందుకండీ?"

"పొయ్యమంటె పొయ్యి."

పోసింది. వంద లెక్కపెట్టేదాకా ఆగమన్నాను. తర్వాత గడ్డపార దించమన్నాను. పెరుగులో చెంచా దిగినట్లు మూరెడు దిగిపోయింది. పిల్ల వంగి ఆ బురదను వేళ్ళతో నలిపి చూసింది.

"ఇదేంటండీ ఇది?"

"మా పొయ్యిల బూడిద. ఎండల రాయి, నీళ్ళల్ల బురద. గట్టి మొరం నేల తగలాలంటె ఇంక మనిషెత్తు పోవాలె. ఒర్రె అసలు అంచు గూడ ఇది కాదు. నా జాలారికి అవుతల, ఇంటి దిక్కు ఉండె."

పక్కింటామె నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఇన్నేండ్లు మాతోని మోపిచ్చినవు గదనే అక్కా! ఒక్క తట్ట అవుతల పోస్తె వాడంత వినబడేటట్టు తిట్టినవు!"

"మోపిచ్చిన. ఇప్పుడు తియ్యుమంటున్న. అప్పుడు నా మాట విన్నరు గద, ఇప్పుడు గూడ వినుండ్రి."

"ఒర్రెను పాత వెడల్పుకు తీస్తే మీ స్నానాల గది పోతుంది మామ్మగారూ," అంది పిల్ల మెల్లగా.

"పోనియ్యి బిడ్డా. రేకులు మాత్రం వంకర పోకుండ ఇప్పియ్యి. మల్ల పనికొస్తయి."

ఆమె కాగితాలన్నీ మళ్ళీ గీసింది. మూడు తూములు నాలుగయ్యాయి. పునాది మొరంలోకి దిగింది, నా జాలారి పోయింది, వానలకు ముందే కల్వర్టు లేచింది. ఒర్రెలో చెత్త పోసేవాళ్ళను నా నోటికి వదిలేశారు.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్నే ఆకాశం తెగి పడింది. ఆయన మంచం దగ్గరికీ ఒర్రె దగ్గరికీ తిరిగి తిరిగి నా కాళ్ళు పీకాయి. ఎర్రటి నీళ్ళు కొమ్మలను దొర్లించుకుంటూ వచ్చాయి. మూడు తూములే అయితే వాడ మునిగేది. నాలుగూ మింగాయి. మధ్యాహ్నానికి నీటి జోరు తగ్గింది. మా వాడలో ఏ గడపా తడవలేదు. ఇంట్లోకి వస్తే ఆయన గురక పెడుతున్నాడు. ఆ గురక నాకు ఏనాడూ అంత బాగా వినిపించలేదు.

అప్పుడే ఫోన్ మోగింది.

"మామ్మగారూ, నేనండీ. తూములు ఎలా ఉన్నాయి?"

"నాలుగూ పారుతున్నయి. నీళ్ళ పైన ఇంక జానెడు జాగ ఎలితిగ ఉన్నది."

"జానెడంటే మీ జానా, నా జానా అండీ?"

"ఎవలిదైతె ఏంది! ఇంట్లకు చుక్క రాలె."

అటు పెద్దగా ఊపిరి వదిలిన చప్పుడు. ఆ పిల్ల కూడా పొద్దుటి నుంచి నాలాగే కుదురు లేకుండా ఉందని అప్పుడు తెలిసింది.

"ఏమన్న తిన్నవా?"

"లేదండీ."

"తిను పో. నేను గూడ తినలె."

ఆయనను లేపి ఇద్దరికీ అన్నం వడ్డించాను. బయట ఇంకా కురుస్తూనే ఉంది. కురవనీ అనుకుని, మారు వడ్డించుకుని తిన్నాను.